కంపెనీ అమ్ముడుపోతుందట

ఐదో నెలలో కడుపు పోయింది. ఖమ్మం ఆసుపత్రి నుంచి పాల్వంచకు తీసుకొచ్చాక మా క్వార్టర్ ముందుగదిలో, దివాను మీద పడుకుని ఉండేదాన్ని. ఏడుపు రాలేదు. ఆకలీ వేయలేదు. మా ఆయనది థర్మల్ కరెంటు స్టేషన్‌లో షిఫ్టు ఉద్యోగం. డ్యూటీకి పోయేముందు నా పక్కన మంచినీళ్లు పెట్టి, దుప్పటి సరిచేసి వెళ్లిపోయేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు "ఇంకా చిన్నదానివే గదా" అనేవారు. నేను తల ఊపేదాన్ని.

అప్పటికి నేను ఒక చిన్న వీడియో స్ట్రీమింగ్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. వాళ్ల సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం నా పని. అదే పని చేసే ఇంకో అమ్మాయి ఏన్కూరు దగ్గర తండాలో ఉంటుంది. నన్ను అక్కా అంటుంది. పని గురించి తప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేను సెలవులో ఉండగా ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అక్కా, ముచ్చట తెల్సిందా? మన కంపెనీని పెద్దోళ్లు కొంటున్నరంట."

"ఎవరు?"

"అమెరికా కంపెనీ. పేరు జెప్తే పోరగాళ్లకు గూడ ఎర్కే, గంత పెద్దది."

మర్నాడు మళ్లీ చేసింది. మేనేజర్ ఉన్నట్టుండి బెంగళూరు వెళ్లాడట, మీటింగుల్లో ఎవరూ కెమెరా పెట్టడం లేదట. ఆ పెద్దవాళ్ల దగ్గర తెలుగు సినిమాలు తక్కువ కాబట్టి మనవాటి కోసమే కొంటున్నారని ఆమె లెక్క.

"సినిమాల కోసం కంపెనీనే కొంటరా?" అన్నాను. "భద్రాచలం అవతల అడవి ఊళ్లల్ల సిగ్నల్ సరిగ లేకున్నా మన యాప్ ఆగకుండ ఆడుద్ది. వాళ్లకు గావాల్సింది గదే."

"అవ్ అక్కా! గది నాకు తట్టనే లేదు."

అట్లా రోజూ మాట్లాడుకునేవాళ్లం. కొన్నాక మనల్ని ఉంచుతారా, సబ్‌టైటిల్స్ మిషన్‌తో రాయిస్తారా, యాప్ పేరు మారుస్తారా. ఉద్యోగం పోవచ్చని ఆమె అన్నప్పుడు కూడా నాకు భయం వేయలేదు. ఎవరిదో ఉద్యోగం పోతున్నట్టు విన్నాను. అయినా ఆమె ఫోన్ చేసే వేళకు లేచి కూర్చునేదాన్ని. ఒకసారి మాటల్లో పడి కంచంలో అన్నమంతా తినేశాను. అది మా ఆయన చూశాడు.

ఒకరోజు పొద్దున షిఫ్టు దిగి వచ్చి, ఆయనే ఫోన్‌లో వార్త చూపించాడు. ఆ పెద్ద కంపెనీ ఇంకేదో చిన్న వీడియో కంపెనీని కొన్నది. మాది కాదు. మాది అమ్మే ఆలోచనే లేదని మా బాస్ అందరికీ మెయిల్ కూడా పెట్టాడు.

ఈసారి నేనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"మనది కాదంట గదా."

"నాకు ముందే ఎర్కక్కా," అంది.

"ఎప్పటి సంది?"

"ముచ్చట షురువైన వారానికే మేనేజర్ సార్‌ను అడిగిన. గసొంటిదేం లేదన్నడు."

"మరి బెంగళూరు పోయిండన్నవ్?"

"పోయిండు. వాళ్ల మరదలి పెండ్లికి."

"ఇన్నొద్దులు ఎందుకు చెప్పినవ్ మరి?"

"వేరే ఏం మాట్లాడినా నువ్వు ఊ అనుడే అక్కా. గీ ముచ్చటకైతే నాతోని కొట్లాడినవ్. గందుకే రోజుకొకటి కల్పించిన. కోపమొచ్చిందా?"

"లేదు," అన్నాను.

నిజంగానే రాలేదు. నా కోసం ఇంత చేసిందే అని కళ్లలో నీళ్లూ తిరగలేదు. రావాల్సినవేవో ఉన్నాయని తెలుస్తోంది, అవి రావడం లేదు. ఆమె మీద ఎంత ప్రేమ ఉందో నాకు తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

"రేపు గూడ చెయ్యాల్నా?" అని అడిగింది.

"చెయ్యి."

తరువాతి వారం పనిలో చేరాను. మొదట వచ్చింది ఒక హాస్య సినిమా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మనుషులు నవ్విన చోటల్లా 'నవ్వు' అని టైపు చేస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాను.