ఆముదం తాగిన పిస్తోలు

మా ఆయన పిస్తోలు కొన్నాడని తెలిసి తెలకపల్లి దగ్గర మా పుట్టింటివాళ్లు మూడు రోజులు నవ్వారు. నవ్వరా మరి! బల్లి కనబడితే మంచమెక్కి నన్ను పిలిచే మనిషి ఆయన.

అప్పట్లో ఆయన గద్వాలలో పత్తి విత్తనాల ఆర్గనైజరు. కంపెనీకీ విత్తనపత్తి వేసే రైతులకీ నడుమ మనిషన్నమాట. సీజనులో వారానికోసారి తెల్లారకముందే లేచి, మానవపాడు వైపు పల్లెలకు మోటర్‌సైకిల్ మీద కూలీల డబ్బు తీసుకుపోవాలి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులవి. ఒకసారి ఆ దారిలోనే మొహాలకు తువ్వాలలు చుట్టుకున్న ఇద్దరు ఇంకో ఆర్గనైజరును కొట్టి సంచి లాక్కుపోయారు. అప్పటి నుంచి మా ఆయనకు అన్నం సయించలేదు. ఆయన బండి చప్పుడు వినబడేదాకా నాకూ కాలు ఒకచోట నిలిచేది కాదు.

మహబూబ్‌నగర్ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. లైసెన్సుకు పడ్డ తిప్పలో సగం పిస్తోలు ఎంచుకోవడంలో పడి ఉంటే బాగుండేది. హైదరాబాదు దుకాణంలో అన్నిటికన్నా అగ్గువకు వచ్చేది, అరచేతిలో ఇమిడే పాతది, ఎవరో వాడి వదిలేసింది పట్టుకొచ్చాడు. "చిన్నగున్నది, జేబుల పడ్తది" అని మురిసిపోయాడు. అది జేబులో పట్టడం తప్ప ఇంకో పని ఎరగదని మాకు మెల్లగా తెలిసింది.

మొదటి గుండు పేలితే రెండోది ఇరుక్కునేది. రెండోదీ పేలిందని సంబరపడేలోగా కిందనుంచి గుండ్ల పెట్టె ఊడి కాళ్ల మీద పడేది. ఇరుక్కున్న దాన్ని నా తలపిన్నుతో లాగేవాడు. వనపర్తిలో ఆడబిడ్డ ఇంటికి పోయినప్పుడు, ఊరవతల గుట్టకాడ బావకు చూపిద్దామని పగిలిన కుండ ఒకటి పెట్టి గురిచూశాడు. మూడుసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఆ బావ నోరు ఊరుకుంటుందా? "బామ్మర్దీ, దాన్ని ఇసిరికొట్టు. అదన్న తాకుతది" అన్నాడు.

నేనూ ఆటపట్టించేదాన్ని గానీ, లోపల గుబులుగానే ఉండేది. గుడ్డి కంటే మెల్ల మేలనుకున్నాను. నాకు కావలసింది ఒక్కటే. ఎవడైనా అడ్డం వచ్చిన పూట అది పేలాలి, మా ఆయన ఇల్లు చేరాలి.

అంతలో దసరా వచ్చింది. మా ఇళ్లల్లో ఆయుధపూజకు ఇనుప వస్తువన్నది పీట ఎక్కాల్సిందే. కొడవలి, గొడ్డలి, కత్తిపీట, కుట్టుమిషను, అన్నీ కడిగి, నూనె రాసి, పసుపు కుంకుమ పెడతాం. ఆయన గుండ్లు తీసి పిస్తోలు నా చేతికిచ్చి, "జర మంచిగ మొక్కు" అని జమ్మికి పోయాడు. మంచిగా మొక్కడమంటే నాకు తెలిసిందల్లా మంచిగా నూనె పోయడమే. మిషన్ల నూనెకు కిరోసిన్ వాసన, దేవుడి ముందు అదేం బాగుంటుంది? పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆముదం ఉంది. గానుగాడించిన చిక్కటి ఆముదం. ఉద్ధరిణెతో దాని సందుసందునా పోశాను. పైన తుడిచి, పసుపు కుంకుమ అద్ది, "నువ్వన్న ఆయన్ని కాపాడు తల్లీ" అని మొక్కాను. ఆయన వచ్చి బొట్టు చెదరకుండా గుండ్లు ఎక్కించుకున్నాడు.

చలికాలం వచ్చింది. ఒక శనివారం ఎప్పటిలా తెల్లారకముందే పోయిన మనిషి, మధ్యాహ్నానికి వచ్చి చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూలబడ్డాడు.

"దీన్ని ఏమన్న చేసినవా?" అన్నాడు పిస్తోలు పక్కన పెట్టి.

"చేసుడేంది, పూజ చేసిన. నిండుగ ఆముదం పోసిన" అన్నాను గొప్పగా.

తిడతాడనుకున్నాను. కండువాలో మొహం పెట్టుకొని ఏడ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవగా నేను చూడలేదు.

తర్వాత చెప్పాడు. మానవపాడు దాటి మట్టిదారి పట్టాక, పొగమంచులో ఒక మనిషి గొంగడి ముసుగేసుకొని కట్టె పట్టుకొని చేల గట్టు మీంచి ఉరికి వచ్చాడట. బండికి అడ్డం నిలబడి హ్యాండిల్ పట్టుకున్నాడట. ఈయన జేబులోంచి పిస్తోలు తీసి అతని ఛాతీకి పెట్టి నొక్కాడు. టిక్కుమంది. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ టిక్కే. చలికి ఆముదం లోపల జిగురులా గట్టిపడి, లోపలి సూదిని గుండుకు గట్టిగా తగలనివ్వలేదు.

తీరా చూస్తే ఆ మనిషి మా విత్తనపత్తి రైతే. ఆ చీకట్లో, ఈయన చేతిలో నల్లగా చిన్నది ఏదో చూసి ఫోననుకున్నాడు. "అదే అన్నా, అదే! నీకాడ ఫోనుంటదనే ఆపిన. జర జీపాయనకు ఫోన్ చెయ్యి. మా ఇంటామెకు నొప్పులొస్తున్నయ్. ఊర్ల ఒక్క బండి దొరుకుతలేదు."

ఈయన దాన్ని జేబులో దోపి అసలు ఫోను తీశాడు. రెండుసార్లు అంకెలు తప్పు నొక్కితే ఆ రైతే చెబుతూ నొక్కించాడట. జీపు వచ్చింది. గద్వాల దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది.

అది పేలాలని మొక్కుకున్నదాన్ని నేను. అంత భక్తిగా మొక్కాను. ఆ మొక్కు ఫలించి ఉంటే ఆ పిల్ల పుట్టేసరికి తండ్రి ఉండేవాడు కాదు. ఆ వారమే మా ఆయన లైసెన్సు కాగితంతో సహా దాన్ని పోలీసుస్టేషనులో ఇచ్చేసి వచ్చాడు.

ఇరవై ఒకటో రోజు ఆ రైతు వచ్చి పిల్లను ఉయ్యాలలో వేసే తొట్లెకు రమ్మని పిలిచాడు. "వదినా, ఆ దినం అన్న జేబుల ఫోను లేకుంటే తల్లీపిల్లా ఏమైతుండ్రో" అన్నాడు నాతో. మా ఆయన ఆ పూట పనున్నదని తప్పించుకోబోయాడు. పోనని మొండికేస్తే నేనే బయలుదేరదీశాను.

వాళ్లింట్లో పిల్లకు కొత్త గుడ్డలు తొడిగి, తండ్రే ఎత్తుకొచ్చి మా ఆయన ముందు చేతులు చాపాడు. "ముందుగాల నువ్వే ఎత్తుకోవాలె అన్నా."

మా ఆయన చప్పున రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "ఉండు, చేతులు కడుక్కొస్త" అని పెరట్లోకి పోయాడు. ఎంతకీ రాలేదు. పోయి చూస్తే పంపు కింద కుడిచేతిని సబ్బుతో రుద్దుతూనే ఉన్నాడు. లోపల పిల్ల ఏడుస్తోంది, తండ్రి "అన్నా" అని పిలుస్తున్నాడు. నేను పంపు కట్టేసి, ఆయన చేతిని నా కొంగుతో తుడిచి, లోపలికి తీసుకొచ్చాను.