కొబ్బరిపీచు గడ్డం, పిడుగుల దేవుడు

ఇప్పుడంటే పొడుగాటి ఆడపిల్లను చూసి టీవీలో అమ్మాయిలా ఉందని మెచ్చుకుంటున్నారు గానీ, ఆ రోజుల్లో పలాసలో పొడుగాటి ఆడపిల్ల అంటే అటక మీది సామాను దించడానికి పనికొచ్చే మనిషి, అంతే. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికే మా ఇంటి గుమ్మం రోజుకోసారి నా నుదుటిని పలకరించేది. వీధిలో నా పేరు నిచ్చెన. (అసలు పేరు వేరే ఉంది. దాన్ని మా అమ్మ కోపం వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసేది.) పదో తరగతి అయ్యాక జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పనిలో చేరాను. పిక్క పెంకులోంచి వచ్చే రసం తగిలితే వేళ్ళు కాలి నల్లబడిపోతాయి. ఎంత ఆముదం రాసినా, ఎంత బూడిద పూసినా ఆ నలుపు వదలదు. అందుకని ఆదివారం చర్చిలో చేతులు ఓణీ కింద దాచుకుని ప్రార్థన చేసేదాన్ని. దేవుడికి ఎలాగూ కనిపిస్తాయి, పక్కవాళ్ళకు ఎందుకని నా ఆలోచన.

మా చర్చిలో ప్రతి క్రిస్మస్‌కూ నాటకం ఉండేది. దాన్ని మగపిల్లలే ఆడేవారు. మేం వెనకాల నిలబడి పాటలు పాడేవాళ్ళం. అయితే నేను చెప్పబోయే క్రిస్మస్‌కు ముందటి ఏడాది, ఉన్న ఒక్క మంచి కిరీటం కోసం, బాలయేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానులూ వేదిక మీదే కలబడ్డారు. గొర్రెల కాపరులు విడదీయబోయి తామూ రెండు తగిలించుకున్నారు. పశువులపాక కూలిపోయింది. పాలస్తీనాలో అంత గొడవ జరిగినట్టు ఏ బైబిలు వాక్యంలోనూ లేదని చర్చి గంట కొట్టే సంఘపెద్ద (మేమంతా గంట తాతయ్య అనేవాళ్ళం) మండిపడి, ఇకమీదట మగపిల్లల నాటకం లేదని తేల్చేశారు. రెండువేల సంవత్సరం రాబోతోంది, లోకం ఉంటుందో పోతుందో తెలియదు, ఆఖరి క్రిస్మస్ అయినా ప్రశాంతంగా జరగనివ్వండి అని ఆయన గోల. అప్పుడు పాస్టరమ్మగారు నెమ్మదిగా, "మగపిల్లలు మానేస్తే ఏమైంది? ఆడపిల్లలున్నారు కదా" అన్నారు.

"ఆడపిల్లలకి గడ్డాలెక్కడివమ్మా?" అన్నారు తాతయ్య.

"అతికిస్తాం."

తాతయ్య ఒక షరతు పెట్టారు. నాటకం మా చర్చిలో కాదు, జలంత్రకోటలో ఆడాలి. ఆ ఏడాది మా క్రిస్మస్ కూటం అక్కడి కొబ్బరితోటలో పెట్టారు. చూసేవాళ్ళు రైతులు, తీరం నుంచి వచ్చే చేపలవాళ్ళు. మన విశ్వాసంతో పనిలేని జనం, మొహమాటానికి చప్పట్లు కొట్టరు. వాళ్ళు గనక నవ్వి వెక్కిరిస్తే ఆడపిల్లలు మళ్ళీ జన్మలో వేదిక ఎక్కకూడదు, పాటలతో సరిపెట్టుకోవాలి. మేం ఒప్పుకున్నాం. అయిదేళ్ళుగా ఆ వెనక వరసలో 'లాలీ' అంటూ ఊగి ఊగి మాకు విసుగెత్తిపోయింది మరి.

పశువులపాక ప్రతి ఏడూ ఉన్నదేనని పాస్టరమ్మగారు కొత్త కథ తీశారు. పెళ్ళికి ముందు ఆవిడ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివారు. గ్రీకుల దేవుళ్ళ గురించి చెప్పడం మొదలుపెడితే మేం పిక్కలూ పప్పులూ మర్చిపోయి నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాం. ఒక కొండ మీద దేవుళ్ళందరూ కొలువుంటారట. వాళ్ళకు పెద్ద జ్యూస్. చేతిలో పిడుగు. ఆకాశం తనుంచుకుని సముద్రం ఒక సోదరుడికీ, పాతాళం ఇంకో సోదరుడికీ పంచాడట. పెళ్ళాం కంటపడకుండా ఒకసారి ఎద్దు వేషం, ఒకసారి హంస వేషం వేసుకుని పరాయి ఆడవాళ్ళ వెంట పడేవాడట.

మాలో అందరికన్నా పొట్టిది, అందరికన్నా గొంతు పెద్దది ఒకతి ఉండేది. దాన్ని మైకు అనేవాళ్ళం. అది బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో! అంతలేసి దేవుడు పెల్లానికి బయపడి అంసేసం ఏసాడా? కొబ్బరితోట తనుంచుకోని ఇసకదిబ్బ తమ్ముడికిచ్చిన మా పెదనాన్నే నయం గదే!"

అందరం పడీపడీ నవ్వాం. పాస్టరమ్మగారూ నవ్వారు గానీ, "హేళన చెయ్యకండే. ఆకాశం ఉరిమితే భయపడిన జనం ఆ ఉరుముకు ఒక ముఖం పెట్టుకున్నారు. వాళ్ళకు తెలిసిన ముఖాలు మనుషులవే కదా, అందుకే మనుషుల బుద్ధులన్నీ దేవుళ్ళకు వచ్చేశాయి" అన్నారు.

మైకు ఊరుకునే రకం కాదు. "మరి మన ప్రబువు కూడా మనిసై దిగాడు గదండీ అమ్మగారూ. ఆళ్ళకీ మనకీ తేడా ఏటి?"

"వాళ్ళు వేసుకున్నది వేషమే. పనైపోగానే విప్పేసి కొండెక్కిపోయారు. మనకున్నది ఒక్కడే దేవుడు, ఆయన వేషం వెయ్యలేదు. పుట్టాడు. ఆకలితో ఉన్నాడు, ఏడ్చాడు, చేతులు కాయలు కాసేదాకా చెక్కపని చేశాడు. మనిషిగా ఉండటానికి ఆయన సిగ్గుపడలేదు."

ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు. నా ధ్యాసంతా ఆ పిడుగు మీదే ఉంది.

ఇక కథ, బైబిల్లోదే. యేసు మాట ప్రకటిస్తూ తిరిగే ఇద్దరు అపొస్తలులు, ఒక పొట్టాయన, ఒక పొడుగాయన, జ్యూస్‌ను కొలిచే ఊరికి వెళ్తారు. వాళ్ళ మాటతో ఒక కుంటివాడు బాగవుతాడు. జనం వెర్రెత్తిపోయి దేవుళ్ళే మనిషి రూపంలో దిగివచ్చారంటారు. గలగలా మాట్లాడే పొట్టాయన దేవుళ్ళ వార్తలు మోసే హెర్మిస్ అట, గంభీరంగా నిలబడ్డ పొడుగాయన సాక్షాత్తూ జ్యూస్ అట. పూలదండలు, ఎడ్లు తెచ్చి పూజ చెయ్యబోతే అపొస్తలులు బట్టలు చింపుకుని, మేమూ మీలాంటి మనుషులమే, భూమినీ సముద్రాన్నీ చేసిన దేవుడు ఒక్కడే అని మొత్తుకుంటారు. పొడుగాయన అనగానే అందరూ నా వైపు చూశారు. నా పొడుగుకు జీవితంలో మొదటిసారి గిరాకీ వచ్చింది. "నాకు మాటలెన్ని అమ్మగారూ?" అని ఆశగా అడిగాను. ఒక్కటీ లేదన్నారు. పొట్టాయన వేషం వేసే మైకుకు మాత్రం రెండు పేజీలు.

రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. మూడో రోజుకు దేవుళ్ళ రాజు అనిపించుకోవడం తక్కువ సంగతేం కాదని తోచింది. ఇక చూసుకోండి, ఫ్యాక్టరీకి వెళ్ళినా, కొళాయి దగ్గరకు వెళ్ళినా గడ్డం పైకెత్తి గంభీరంగా నడవడం మొదలుపెట్టాను. "ఏటే ఆ నడక? మెడ పట్టేసిందేటి?" అంది మా అమ్మ. జ్యూస్ ఇలాగే నడుస్తాడన్నాను. "ఆ జూసో గీసో ఎవుడో గానీ, ముందు ఈ బిందెడు నీల్లు లోపలెట్టమను" అంది. దేవుళ్ళ రాజు బిందె ఎత్తుకున్నాడు.

గడ్డాలు కొబ్బరిపీచుతో చేసుకున్నాం. మా కొబ్బరితోటల ఉద్దానంలో దానికేం కరువు! ఒళ్ళంతా దురద, తుమ్మితే ఊడి వచ్చేది, అయినా అద్దంలో చూసుకుంటే నాకే భయమేసింది. పైన కప్పుకోవడానికి తెల్ల దుప్పట్లు. లాగగానే పర్రున చిరగాలి కాబట్టి వాటిని మధ్యకు కత్తిరించి, వదులుగా నాలుగు టాకాలు వేసి ఉంచాం. ఎడ్ల కోసం అట్టముక్కలు కోస్తుంటే జలంత్రకోటలో ఉండే మా మావయ్య నవ్వాడు. (మా అమ్మ పుట్టింటివాళ్ళకు వాళ్ళ అమ్మవారు, మాకు మా ప్రభువు. మధ్యలో కొబ్బరికాయలూ జీడిపిక్కలూ ఏ మతభేదమూ లేకుండా తిరుగుతుండేవి.) "అట్టెద్దెందుకే కోడలా? నా గిత్త నేదేటి? బుద్దిమంతుడు. నానున్నాను గదా" అన్నాడు.

ఆ సాయంత్రం కొబ్బరితోటలో ఇసుక వేస్తే రాలనంత జనం. చేపల బుట్టలు పక్కన పెట్టుకుని ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. గంట తాతయ్య కుర్చీలో చేతులు కట్టుకుని, తీర్పు ముందే రాసుకున్న జడ్జీలా ఉన్నారు. మొదటి రెండు రంగాలు బాగా నడిచాయి. కుంటివాడు గంతేశాడు. మా గుంపు పిల్లలు "దేవుళ్ళు దిగొచ్చారు!" అని అరిచారు. అంతవరకూ మేం నేర్చుకున్నదే. ఆ తరవాతిది మాత్రం జలంత్రకోటవాళ్ళు సొంతంగా కలిపారు. ఒరిస్సాకు పక్కనే ఉన్న ఊళ్ళు కదా, దేవుడు వచ్చాడన్న మాట చెవిన పడితే చాలు, ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ మంగళధ్వని చేస్తారు. ముందు వరస మొత్తం అందుకుంది. తోట మార్మోగిపోయింది. ఒక ముసలమ్మ ఎక్కడిదో చెంబు పట్టుకుని, అమ్మవారి ఊరేగింపుకు పోసినట్టే, పసుపునీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసేసింది. నా మెడలో బంతిపూల దండ పడింది.

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నాకు చచ్చినా దిగాలనిపించలేదు. నిచ్చెన అని పిలిచే లోకం నిచ్చెన కాళ్ళు కడుగుతోంది! నేను చెయ్యెత్తి జనాన్ని దీవించాను. (ఇది నాటకంలో లేదు.) పక్కనుంచి మైకు పళ్ళ సందుల్లోంచి, "సింపవే! దుప్పటి సింపు! దీవిత్తన్నావేటే దరిద్రం!" అంటోంది. ఉలిక్కిపడి దుప్పటి పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. ఊహూఁ. తరవాత తెలిసిన సంగతేమిటంటే, చిరిగిన దుప్పటితో తన కూతురు పదిమందిలో నిలబడటమేమిటని మా అమ్మ పౌరుషపడి, మధ్యాహ్నమే మిషను మీద దాన్ని రెండు వరసలు గట్టిగా కుట్టించేసింది. నేనలా దుప్పటితో కుస్తీ పడుతుండగా, బుద్ధిమంతుడైన మావయ్య గిత్త తీరిగ్గా ముందుకొచ్చి బంతిపూల దండ నోట కరుచుకుంది. దండతో పాటు గడ్డమూ పోయింది. వేదిక మీద, అంతమంది ముందు, జ్యూస్ దేవుడు నున్నటి బుగ్గలతో తేలిపోయాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. వెనకాల ఇంకెవరో. గంట తాతయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అయిపోయింది, ఇక జన్మంతా 'లాలీ'యే అనుకున్నాను. మైకుకు రెండు పేజీలూ ఎగిరిపోయి నోట మాట రావడం లేదు. చెంబు పట్టుకున్న ముసలమ్మ ఇంకా నా ఎదుటే నిలబడి నన్నే చూస్తోంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఒక్క మాట కూడా లేని నా నోట్లోంచి మాట వచ్చేసింది. ఓణీ కింద దాచుకునే ఆ చేతుల్ని ఆవిడ ముఖం ముందు చాపేశాను.

"మామ్మా, నాను దేవుణ్ణి కాదే! పలాసలో పిక్కలు కొడతాను. ఇవిగో, నా సేతులు సూడు. దేవుడికిలాటి ఏల్లుంటాయేటి? నాను నీలాటి మనిసినే. నిన్నూ నన్నూ ఆ సముద్రాన్నీ సేసినోడు ఒక్కడే ఉన్నాడు. ఆయనకి మొక్కుకో, నాకొద్దు!"

ముసలమ్మ నా వేళ్ళు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, అందరికీ వినిపించేలా అంది: "నువ్వు దేవుడివని ఎవులన్నారే గుంటా? నీ ఏల్లు నాను ముందే సూసాను. నా కోడలూ పిక్కలే కొడతాది. మా పిల్లలాటి పిల్ల గడ్డమెట్టుకోని ఇంతమందిలో మారాజులాగ నిలబడ్డాదే అని కడుపు నిండిపోయి పోసాను నీల్లు. దేవుడికి పోత్తే ఆయనకేటి తెలుత్తాది, నీకైతే కాల్లు సల్లబడతాయి గదా!"

ముందు వరస మళ్ళీ మంగళధ్వని అందుకుంది. ఈసారి దేవుడి కోసం కాదు. మైకుకు గొంతు తిరిగొచ్చి, ఒక్క దేవుడి గురించిన రెండు పేజీలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఒక్కరు నవ్వలేదు. జనంలో మా అమ్మ మాత్రం పక్కనున్నవాళ్ళను మోచేత్తో పొడిచి పొడిచి, "ఆ గడ్డం ఊడినోడు మా పిల్లే" అని చెప్పుకుంటోంది. పాస్టరమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ నా రెండు చేతులూ పట్టుకున్నారు. అప్పుడు చెవికెక్కింది నాకు, ఆవిడ చెక్కపని గురించి చెప్పిన మాట. గంట తాతయ్య వచ్చి దగ్గి, గొంతు సవరించుకుని, "వచ్చే ఏడు కూడా మీరే ఆడండి. గడ్డాలు లేకపోయినా పరవాలేదు" అన్నారు. లోకమూ మిగిలింది, మా నాటకమూ మిగిలింది. ఆ తరవాతి ఆదివారం నుంచి నేను ప్రార్థనలో చేతులు ఓణీ పైనే పెట్టుకున్నాను. ఎంత గర్వంగా పెట్టుకున్నానంటే, పాస్టరయ్యగారు గర్వం గురించి ప్రసంగం చేసిన రోజున అందరూ నా వైపే చూశారు.

ఫ్యాక్టరీ మానేసి చాలా ఏళ్ళైంది. వేళ్ళు తెల్లబడ్డాయి. ఆ నలుపు ఏ రోజు పూర్తిగా పోయిందో నాకు గుర్తే లేదు, అందుకు కొంచెం దిగులుగానే ఉంటుంది. మొన్న టెక్కలి కాలేజీలో చదివే మా అమ్మాయి తన ఇంగ్లీషు పాఠం తెరిచి, గడ్డంతో పిడుగు పట్టుకుని ఉన్న బొమ్మ చూపించి, "అమ్మా, ఈయనెవరో నీకు తెలీదులే, జ్యూస్ అని..." అంటూ మొదలుపెట్టింది.

"తెలియకపోవడమేమిటే? ఒక సాయంత్రం ఆ ఉద్యోగం నేనే చేశాను" అన్నాను.

"మరెందుకు మానేశావు?"

"గడ్డం ఎద్దు పట్టుకుపోయింది."

అది పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ గర్వపుపిల్ల గుర్తొచ్చి నాకూ నవ్వొచ్చింది. మా అమ్మాయి వంటింట్లోకి వెళ్ళాక చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి పాదాలు చూసుకున్నాను, ఎక్కడైనా పసుపు మిగిలిందేమోనని.