కుక్కరు రబ్బరు, కాలెండరు టవలు

ఆదివారం పొద్దున పదింబావుకు మా అక్క పప్పు పొయ్యి మీద పెట్టబోయి, కుక్కరు రబ్బరు లేదని కేక వేసింది. ఆ కేక మా చెవిన పడి, భయపడి రబ్బరు తిరిగి ఇచ్చేసి ఉంటే షోలాపూర్‌లో ఒక కెమెరా బతికేది. మేం ఇవ్వలేదు. అప్పటికే సైకిలు మీద మేం ఉండే భవాని పేట్ దాటేస్తున్నాం.

మేం అంటే నేనూ, మా బావ నర్సయ్యా. బావకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది, అందులో ఒకే ఒక్క కెమెరా. ఎనభైల చివర పేటలో పెళ్ళిళ్ళన్నీ దాని కంట్లో పడాల్సిందే. మర్నాడూ ఒక పెళ్ళి ఉంది. నేను పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసేవాణ్ణి. ఆ షెడ్డు యజమాని, మా మాలక్ రాజేశం సేఠ్ కొత్తగా ఎర్ర టవళ్ళు నేయించి, 'రంగు గ్యారంటీ' అని ముద్ర కొట్టించాడు. వాటికి కాలెండరు కావాలన్నాడు. అందులో టవలు నీళ్ళ అడుగున ఉండాలి, రంగు మాత్రం ధగధగలాడాలి! ఆ ఫొటో తీస్తే ఏటేటా కాలెండరు పని బావదే.

నీళ్ళలో దిగే కెమెరాను మేం పేపర్లో తప్ప చూడలేదు. అయినా బావ పెద్ద స్టీలు డబ్బా అడుగు కోసి అద్దం అతికించాడు. మూతకు అక్క రబ్బరు వేసి, చుట్టూ కొక్కేలు పెట్టాడు. బటన్ కోసం బెజ్జం చేస్తే నీళ్ళొస్తాయి కాబట్టి కెమెరాలోని టైమరును నమ్ముకున్నాం. మీట తిప్పితే పది సెకండ్లకు అదే క్లిక్కుమంటుంది. ఆలోగా మూత బిగించి డబ్బా ముంచాలి. మూత బిగించే పని నాది. రక్షణ శాఖ ఇచ్చినా అంత పొంగిపోయేవాణ్ణి కాను.

ఊరి బయట తోట బావిలో ముందు ఖాళీ డబ్బాలో కాగితం పెట్టి ముంచాం. కాగితం పొడిగా వచ్చింది! ఫొటో తీయడం చూద్దామని వచ్చి బావి మెట్ల మీద నిలబడ్డ సేఠ్ చప్పట్లు కొట్టాడు. ఒక టవలుకు రాయి కట్టి నీళ్ళలోకి దించాం. బావ మెడలోతు నీళ్ళలో నిలబడ్డాడు.

కెమెరా పెడితే డబ్బాలో అటూ ఇటూ కొట్టుకుంది. నేతపనివాడికి ఏ ఖాళీ కనబడినా నూలుతో నింపాలనిపిస్తుంది. సేఠ్ భుజం మీది ఎర్ర టవలు లాక్కుని కెమెరా చుట్టూ కుక్కాను.

"గదెందుకురా?" అన్నాడు బావ.

"మెత్తగుంటది బావా! మన షెడ్డు మాలే కద!"

"జల్దీ చెయ్! మీట తిప్పు!"

తిప్పాను. మూత! కొక్కెం! ఇంకో కొక్కెం! "పట్టు బావా!" డబ్బా మునిగింది.

బుడగలు వచ్చాయి.

"అరే, బుడగలేందిరా?" అన్నాడు సేఠ్.

"బావ ఊపిరి వదుల్తుండు మాలక్."

"వాని తల పైననే ఉన్నది కదరా!"

"అయితే చేపలు కావచ్చు."

"చేపలు నా డబ్బాలకెల్లి ఎట్ల వస్తయ్‌రా గాడిదా!" అని అరుస్తూ బావ డబ్బా పైకెత్తాడు.

మూత అంచున ఎర్ర కుచ్చు ఒకటి వేలాడుతోంది. టవలు అంచు రబ్బరు మీద అడ్డంగా పడి ఉంటే, చూసుకోకుండా దాని మీదే మూత బిగించాను. నీళ్ళు దాన్ని పట్టుకుని, పిలవని చుట్టాలు భోజనాల బంతిలోకి దూరినట్టు దూరాయి.

"అయ్యో, నా రేపటి పెళ్ళి!" అని బావ మెట్ల మీద కూలబడ్డాడు. వినేవాళ్ళకు పెళ్ళికొడుకు అతనే అనిపించేది.

కంగారులో నేను డబ్బా వంచేశాను. నీళ్ళు సేఠ్ తెల్ల ధోతీ మీద పడ్డాయి. ధోతీ మోకాళ్ళ దాకా ఎర్రబడింది. బావినిండా ఉన్న నీళ్ళలో దాక్కున్న రంగు, డబ్బాలో దాక్కోలేకపోయింది.

ముగ్గురం ధోతీ వైపే చూశాం. బావ ఏడుపు ఆపాడు.

"గ్యారంటీ రంగేనా మాలక్?"

సేఠ్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నర్సయ్యా, రేపు పెళ్ళికి కొత్త కెమెరా నేను కొనిస్త. ఈ ముచ్చట మాత్రం పేటల ఎవ్వనికీ చెప్పకుండ్రి."

చెప్పలేదు. ఇప్పుడు సేఠూ లేడు, మొన్న బావా పోయాడు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి రాస్తున్నాను. రబ్బరు చుట్టూ వేలితో తడిమి చూడనిదే ఇకమీదట ఏ డబ్బానూ నీళ్ళలో ముంచనని పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. తప్పే వీలు కూడా లేదు. కాలెండరు ఫొటో కోసం ఇప్పుడు ఎవరూ బావిలోకి దిగడం లేదు.