ఆరకముందే రాసిన పేరు

తడిసిన తాండూరు బండ వాసన పొద్దున్నే ముక్కుకు తగిలింది. మా బిడ్డ ఇల్లంతా నీళ్లు పోసి కడుగుతున్నది. రేపటినుంచి ఈ వికారాబాద్ ఇంట్ల కిరాయిదార్లుంటరు, నేను దాని వెంట మస్కట్ పోవాలె. మోకాలు విరిగినోడు ఎక్కడుండాల్నో వేరేవాళ్లు తేలుస్తరని ఈ ఆర్నెల్లల తెలిసొచ్చింది. సూట్‌కేసుల బనీన్లు, మందులు, కందిపప్పు దాని ఇష్టం. నేను పెట్టింది ఒక్క జానెడు నీలిబండ. దాన్నీ తీసి అవతల పెట్టింది.

"ఎండల దేశానికి రాళ్లు మోసుకపోతరా నాయినా? అక్కడ లేవా?"

ఈ రాయి అక్కడ లేదు.

మా నాయిన తాండూరు కాడ గనిల బండలు లేపేటోడు. ఎండకాలం పొద్దెక్కేసరికి గనంతా పెనం లెక్క కాగేది, రాయి చీల్చే శానాల మీద సుత్తె దెబ్బలు, కండ్లల్ల తెల్ల దుమ్ము, నన్ను కన్న అవ్వ మూట విప్పితే జొన్నరొట్టె, ఉల్లిగడ్డ వాసన, పీర్ల పండుగ దినాల్లోనైతే బెల్లం కలిపిన మలీద ముద్దలు, అప్పుడే లేపిన బండ కింది చల్లదనంల పండుకోనీకె మా పిల్లల కొట్లాట. నన్ను బడికి పంపుతనని నాయినంటే గుత్తేదారు నవ్విండు: "బండలు కొట్టేటోనికి ఓనమాలెందుకు?" ఆ నవ్వు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతది.

నాకు అక్షరాలు చెప్పింది మల్లప్ప మేస్త్రి, ఇంట్ల కన్నడం మాట్లాడే మనిషి. పలక లేదు, బలపం లేదు. వేలు నీళ్లల్ల ముంచి కాలే బండ మీద 'అ' రాసేటోడు. నేను దిద్దేలోపల అది ఆరిపోయేది.

"జల్దీ కానియ్యిరా, సూర్యుడు తుడుస్తుండు!"

అవ్వ కుండ వంచి చూసి తిట్టేది: "తాగనీకె తెచ్చిన నీళ్లురా గవి! దూపయితే అక్షరాలు తాగుతవా?"

నా పేరు మొత్తం ఆరకముందే రాసిన నాడు, మేస్త్రి ఒక ముక్క అంచులు చెక్కి నా చేతుల పెట్టిండు. అదే ఈ రాయి. ఇప్పటికీ నాది ఉరుకుల రాతే. మొన్న పాస్‌పోర్టు ఆఫీసుల సంతకం చేస్తుంటే, "తాతా, ఎవరన్న తరుముతుండ్రా?" అన్నది అక్కడి పిల్ల.

నేను ఆ రాయిని మళ్ల ఒళ్ల పెట్టుకున్నది చూసి మా బిడ్డ కందిపప్పు తీసేసి బండను బనీన్ల నడుమ పెట్టింది. "అక్కడ ఎండల రాసుకుంట" అన్న నేను.

"ఎండల యాడ కూసుంటవు? మా ఫ్లాట్ల కిటికీలు తెరిచేదే లేదు, పగలు రాత్రి ఏసీనే. ఇగ నువ్వొక్కనివి కిందికి దిగుడు బంద్."

ఆ గనిల ఇప్పుడు నీళ్లు నిండినయి, చుట్టూ ముళ్లకంచె. మేస్త్రి లేడు, అవ్వ లేదు. వాకిట్ల తడారిన బండ మీద ఎండ పడుతున్నది. వంగలేక, చేతికర్ర కొస బకెట్ల ముంచి పేరు రాసిన. చివరి అక్షరం రాసేసరికి మొదటిది లేదు. మస్కట్ల ఆ మూసిన గదిల నా పేరు ఎంతసేపటికి ఆరుతదో మా బిడ్డను అడగబోయి, కర్ర కొస మళ్ల బకెట్ల ముంచిన.