దేవిదాస్ వజీఫా

బాన్సువాడ చుట్టుపక్కల పశువైద్యం చదివిన తొలి రైతుబిడ్డ దేవిదాస్. సర్కారు చదువు ఖర్చుకిచ్చిన వజీఫాతోనే బొంబాయిలో చదువుకున్నాడు. ఆ తర్వాత పరిశోధన కోసం దాన్ని ఇంకొన్నాళ్లు పొడిగించారు. అతను ఎంచుకున్నది మన ఊళ్ల జబ్బునే. నిజాంసాగర్ నీళ్లొచ్చాక వరి పండింది గానీ, కాలువ వెంట మేసిన పశువులు చిక్కిపోయి, దవడ కింద నీరు దిగి చచ్చిపోతున్నాయి. కోసి చూస్తే కార్జం, అంటే కాలేయం, నిండా ఆకుల్లాంటి పురుగులు. ఆ పురుగు నత్తల్లో పెరిగి గడ్డికి చేరుతుందని శాస్త్రం చెబుతుంది. మన కాలువల్లో అది ఏ నత్తో ఎవరికీ తెలియదు. అది తేల్చాలన్నదే దేవిదాస్ పట్టుదల.

నలభై రెండులో, యుద్ధం ముదిరాక, వజీఫా ఆగిపోయింది. "రుజువేదైనా తెస్తే చూద్దాం" అన్నాడు హైదరాబాదులో అధికారి. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాడు.

ముందు ఆదిశేషయ్య దగ్గరికి పోయాడు. కోస్తా నుంచి వచ్చి కోటగిరి దగ్గర భూములు కొన్న పెద్ద రైతు ఆయన.

"నా గేదెలకు నయం చెయ్యవయ్యా, నీ పరిశోధన ఖర్చంతా నేను చూసుకుంటాను."

"గొర్రెలకిచ్చే మందు బర్రెలకు పడదయ్యా. రోగం యాడికెల్లి వస్తుందో ముందుగాల తెలుసుకోవాలె."

"మందు లేని డాక్టరుతో నాకేం పని?"

మందుందని అనేస్తే సరిపోయేది. నోరు రాలేదు.

ఇక ఇంట్లో ఉన్నది తల్లి సాయవ్వ, ఆమె బర్రె. భర్త పోయాక ఆ పాల మీదే ఆమె ఇల్లు నడిపింది. వానాకాలం చివర దేవిదాస్ రోజూ నత్తలున్న మడుగు అంచున గడ్డి కోసుకొచ్చి ఆ బర్రెకే వేయసాగాడు. కొడుక్కి ఇంటి మీద ధ్యాస కలిగిందని సాయవ్వ మురిసిపోయింది. ఆపుదామనుకున్న రోజులున్నాయి, ఆపిన రోజు లేదు.

ఎండలు ముదిరేసరికి పాలు తగ్గిపోయాయి. దవడ కింద వాపు సంచిలా వేలాడింది.

"గింత సదివితివి, జర చూడు బిడ్డా. ఏమైంది దీనికి?"

"తగ్గుతదే అవ్వా."

బర్రె చచ్చిపోయింది. దాని కార్జాన్ని, నత్తలను సీసాల్లో పెట్టుకుని హైదరాబాదు పోయాడు. అధికారి సీసా ఎత్తి చూసి దించాడు.

"ఇది అంతకుముందు ఎక్కడెక్కడ మేసిందో ఎవరికి తెలుసు? ఒక్క పశువుతో రుజువు కాదు. పుట్టినప్పటి నుంచి కట్టేసి మేపిన దూడలు కావాలి, పోల్చి చూడటానికి వేరే గడ్డి తిన్నవీ కావాలి. దానికే కదా వజీఫా. ఇప్పుడది లేదు."

దేవిదాస్‌కు తెలియని సంగతి కాదది. తెలిసే చేశాడు.

ఇంటికొచ్చి తల్లి ముందు కూలబడ్డాడు.

"అవ్వా, బర్రెను నేనే సంపిన." జరిగిందంతా చెప్పాడు.

సాయవ్వ ఖాళీగా ఉన్న కట్టుకొయ్య వైపు చూసింది.

"నాకు చెప్తే నేనే ఇద్దును గద బిడ్డా. దాని ముంగట గడ్డేసుకుంట నా దిక్కు చూసి నవ్వితివి."

యుద్ధం ముగిశాక వజీఫాలు మళ్లీ తెరిచారు. అప్పటికి అతని వయసు దాటిపోయింది. వైద్యం మానుకుని, పంటచేలల్లో పడ్డ పశువులను తోలుకొచ్చి కట్టేసే బందెలదొడ్డిలో నౌకరీకి కుదిరాడు. సాయవ్వ నాట్లకు కూలికి పోసాగింది. మళ్లీ బర్రెను కట్టలేదు. కొనుక్కొస్తానని అనడానికి అతనికీ ధైర్యం చాలలేదు. ఆమె పోయేదాకా ఇద్దరూ ఆ ఇంట్లోనే, అవసరానికి మించి మాట్లాడుకోకుండా బతికారు.