క్లచ్ కింద కడుపుమంట

ఆ చుట్టుపక్కల వీధుల్లో సగం మంది ముక్కుల మీద కూర్చున్న కళ్లద్దాలు ఆయన చేతిలోంచి వెళ్లినవే. చిన్న దుకాణం. ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తాడు. అందరూ అద్దాలాయన అనే పిలుస్తారు. నెమ్మదైన మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆయనలో చెడ్డగుణం ఒక్కటే. దానికి రెండు చేతులు, రెండు కాళ్లు, ఒక తెల్ల కారు ఉన్నాయి. అది ఆయన తోడల్లుడు.

భార్య చెల్లెలి మొగుడు. బడిలో లెక్కలు చెబుతాడు, రెండు వీధుల అవతల ఉంటాడు. చెడ్డవాడైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేవాడు. ఆ అదృష్టం కూడా లేదు. కుళాయి కారుతోందంటే వచ్చి వాషర్ వేస్తాడు. మిక్సీ మొరాయిస్తే విప్పి బిగిస్తాడు. పనయ్యాక కింద పడ్డ స్క్రూలు కూడా ఏరిపెట్టి, చేతులు కడుక్కుని మరీ వెళతాడు. "మరిదిగారి చెయ్యి పడితే చాలండీ" అని భార్య అన్నప్పుడల్లా అద్దాలాయనకు ముద్ద గొంతు దిగదు. ఆ మిక్సీ మళ్లీ పాడవ్వాలని ఆయన మనసులో మొక్కుకున్నాడు కూడా. అది ఇప్పటికీ గిర్రున తిరుగుతూనే ఉంది.

ఒకసారి తోడల్లుడి కారెక్కితే కాళ్ల కింద ఏదో మెత్తగా తగిలింది. కొత్త మ్యాట్లు. "భలే ఉన్నాయి మరిదిగారూ!" అంది భార్య. ఆ వారమే అద్దాలాయన తన పాత కారుకి మ్యాట్లు కొనుక్కొచ్చాడు. అవే కాదు, ఇంకా మందమైనవి, బొటనవేలంత. వాటిని చూసి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

ఇంతలో కూతురు కారు నేర్చుకుంటానంది. లెర్నర్ లైసెన్స్ తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన ఛాతీ ఉబ్బిపోయింది. పిల్లకు నడక నేర్పింది తను, సైకిల్ నేర్పింది తను. మధ్యలో లెక్కలు మాత్రం తోడల్లుడు చెప్పాడు. అప్పట్నుంచి ఏ సందేహమొచ్చినా "బాబాయిని అడుగుతా" అనడం ఆ పిల్లకు అలవాటైపోయింది. కారు కూడా వాడి చేతికి పోతే ఇక తండ్రి దగ్గర నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది? ఇదొక్కటీ తనకే దక్కాలని ఆయన పట్టుబట్టాడు.

సరిగ్గా అప్పుడే కారు అడ్డం తిరిగింది. క్లచ్ తొక్కి గేరు వేయబోతే కర్రుమని అరుపు. రివర్స్ వేస్తే ఎదురింటి వాళ్లు కిటికీలోంచి తొంగిచూశారు.

"బాబాయిని పిలుద్దామా నాన్నా?" అంది కూతురు.

"ఏం, మీ నాన్నకు చేతుల్లేవా?" అన్నాడు అద్దాలాయన.

సెలవురోజు పొద్దున్నే వాకిట్లో బానెట్ ఎత్తాడు. ఫోన్‌లో వీడియోలు చూసి కాస్త జ్ఞానం సంపాదించాడు. క్లచ్ పెడల్ నొక్కగానే మొదట కొంచెం దూరం బరువు లేకుండా దిగుతుంది, దాన్ని ప్లే అంటారు. ప్లే ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు, గేర్లు అరుస్తాయి. గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ చివర ఒక నట్టు ఉంటుంది, దాన్ని బిగిస్తే ప్లే తగ్గుతుంది. అద్దాలు కొలిచే చిన్న స్కేలు తెచ్చి పెడల్ పక్కన నిలబెట్టి చూశాడు. ప్లే ఉండాల్సినంతే ఉంది. మరి గేరెందుకు అరుస్తోంది? ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ కడుపుమంట ఉన్నవాడికి ఓపిక ఎక్కడిది? స్కేలు పక్కన పడేసి నట్టు బిగించాడు. గేరు అరిచింది. ఇంకా బిగించాడు. గేరు సణిగింది. ప్లే అన్నదే లేకుండా బిగించేసరికి గేరు కిక్కురుమనకుండా పడింది.

ఆయన చేతులైనా కడుక్కోకుండా తోడల్లుడికి ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, క్లచ్ బాగైపోయిందిలే. నేనే బిగించాను."

"అలాగా అన్నయ్యా! మంచి పని చేశారు. కాస్త ప్లే ఉంచారు కదా?"

"అన్నీ చూసుకున్నాలే" అని పెట్టేశాడు. ఈయన ఫోన్ చేసింది శభాష్ అనిపించుకోవడానికి, వాడేమో అందులోనూ ఒక ప్రశ్న పెట్టాడు. ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం భార్యను వెనక, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ముందు తను నడిపి చూపించి, ఆ తర్వాత పిల్లకు ఇవ్వాలని ఏర్పాటు. చదునైన రోడ్డు మీద అంతా బాగానే సాగింది. వంతెన ఎక్కేటప్పుడు మొదలైంది అసలు సంగతి. ఇంజన్ గొంతు చించుకుంటోంది, కారు మాత్రం పెళ్లినడకలు నడుస్తోంది. వెనక హారన్లు.

"ఏమండీ, ఏదో కాలిన వాసన" అంది భార్య.

"పక్క బండిది."

"పక్కన ఏ బండీ లేదండీ."

ఎలాగో ఇల్లు చేరారు. ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉండగానే కూతురు వరండాలో ఫోన్ మాట్లాడటం వినిపించింది. "ఒకసారి రా బాబాయ్."

తోడల్లుడు ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చాడు. పనిముట్లు కూడా తెచ్చుకోలేదు. "మీ స్పానర్ ఒకసారి ఇస్తారా అన్నయ్యా?" అన్నాడు. తన స్పానర్‌తోనే తన తప్పు దిద్దించుకోవాల్సి రావడం అద్దాలాయనకు పుండు మీద కారం చల్లినట్టయింది.

తోడల్లుడు పెడల్‌ని చేత్తో నొక్కి చూశాడు. "ప్లే లేదు అన్నయ్యా. క్లచ్ పూర్తిగా పట్టుకోకుండా జారుతోంది, అందుకే ఆ వాసన." నట్టు వదులు చేశాడు. అద్దాలాయన సీట్లో కూర్చుని తొక్కాడు. కర్రుమంది. నీకూ రాలేదుగా అని ఆయన ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. తోడల్లుడు తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, మళ్లీ తొక్కమని, పెడల్ కిందికి వేళ్లు పోనిచ్చాడు. పెడల్ ఇంకా కిందికి వెళ్లాల్సి ఉండగానే ఆగిపోతోంది. కింద మెత్తగా, మందంగా మ్యాట్. దాన్ని పక్కకి లాగి, "ఇప్పుడు తొక్కండి" అన్నాడు. పెడల్ అడుగంటా దిగింది. గేరు వెన్నలోకి కత్తి దిగినట్టు పడింది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తోడల్లుడి కళ్లు ఆ మ్యాట్ మీద ఒక్క క్షణం ఆగాయి. అతనికి తన కారు గుర్తొచ్చిందని అద్దాలాయనకు తెలిసిపోయింది.

తల్లీ కూతుళ్లు గడప దాటి వస్తున్నారు. తోడల్లుడు గబగబా మ్యాట్ చుట్టి డిక్కీలో పడేశాడు.

"ఏమైంది మరిదిగారూ?"

"ఏం లేదు వదినా, కేబుల్ కాస్త సాగింది. అన్నయ్య సరైన చోటే పట్టుకున్నారు. నేను చివరి చుట్టు తిప్పానంతే."

ఇంకొకరైతే ఆ మాటకు మనసులోనే దండం పెట్టుకునేవారు. అద్దాలాయన కడుపు మాత్రం భగ్గుమంది. కుళాయి వీడే బాగుచేశాడు, మిక్సీ వీడే బాగుచేశాడు. ఇప్పుడు నా పరువు కూడా వీడే బాగుచేసి, చేతులు కడుక్కుని వెళతాడా? ఈ ఒక్క మంచితనం మాత్రం వీడికి దక్కనివ్వను!

డిక్కీ తెరిచి మ్యాట్ తీసి వాకిట్లో విసిరేశాడు. "కేబుల్ సాగలేదు, తోక సాగలేదు. ఇదిగో, దీనివల్ల! ఇది పెడల్‌కి అడ్డం పడింది. కొన్నది నేనే. ఎందుకు కొన్నానో కూడా చెప్తా వినండి. ఈ మనిషి కారులో ఉందని కొన్నాను. దానికంటే మందంది కావాలని వెతికి మరీ కొన్నాను!"

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని వింటాం గానీ, ఆ నక్క నడివాకిట్లో నిలబడి వాతలు చూపించడం ఎవరూ చూసి ఉండరు. భార్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. తోడల్లుడు చెవులదాకా ఎర్రబడ్డాడు. స్పానర్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. పని లేని ఆ చేతుల్ని అద్దాలాయన మొదటిసారి చూశాడు.

చివరికి భార్యే తేరుకుంది. "సర్లెండి, అయిందేదో అయింది. ఈ పూటకు మరిదిగారిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోవే."

ఇంత చేసీ పిల్లను వాడికే అప్పగించినట్టయింది.

కూతురు మ్యాట్ వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. "వద్దమ్మా. బాబాయి పక్కనుంటే తప్పు చెయ్యాలంటే సిగ్గేస్తుంది. నాన్నయితే పర్లేదు. నాన్నకీ రాదుగా!"

తోడల్లుడు పకపకా నవ్వాడు. అది దండో చెంపదెబ్బో అద్దాలాయనకు అంతుపట్టలేదు. మనసు మార్చుకుంటుందేమోనన్న భయంతో పరుగున వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు.

కారు ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసింది, మళ్లీ ఆగింది. పక్క అద్దంలో భార్య తోడల్లుడికి కాఫీ గ్లాసు అందిస్తూ కనిపించింది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. ఆయన మెడ సాచాడు.

"నాన్నా, క్లచ్ ఎంతవరకు తొక్కాలి?"

"అడుగంటా తొక్కమ్మా" అన్నాడు, కళ్లు అద్దంలోంచి తీయకుండానే. ఈసారి కారు కదిలింది. ఆయన కాళ్ల కింద ఆ మ్యాట్ జోడీది ఇంకా అలాగే ఉంది. తోడల్లుడి దానికంటే మెత్తగానే ఉందని ఆయన పాదంతో ఒకసారి నొక్కి చూసుకున్నాడు.