మాత్ర మానని మేనత్త

మా మేనత్తను బస్సు డిపోలో అందరూ ‘రైట్ రైట్ అక్క’ అనేవారు. కండక్టరుగా ఆవిడ రిటైరయింది గాని ఆ గొంతు రిటైరవలేదు. వీధి చివర కూరలబండి దగ్గర బేరమాడితే ఇంట్లో ఉన్న మాకు ధర తెలిసిపోయేది.

అలాంటి మనిషికి దవడపన్ను పుచ్చింది. ఇంకొకరైతే పీకించుకొని వచ్చేవారు. అత్తకు గుండె ఆపరేషన్ చేసి వాల్వు మార్చారు. అక్కడ రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం ఒక మాత్ర వేసుకోవాలి. మొదట చూసిన పళ్ళ డాక్టరు, “కొన్నాళ్ళు ఆ మాత్ర ఆపేసి రండమ్మా, లేకపోతే రక్తం ఆగదు” అన్నాడు.

“ఆపను” అంది అత్త.

ఎందుకు ఆపదో మా ఇంట్లో అందరికీ తెలుసు. మామయ్య కూడా అలాంటి మాత్రే వాడేవాడు. పన్ను తీయించుకోవాలని, ఎవరినీ అడక్కుండా తనంతట తానే మానేశాడు. రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చింది; పన్నుతోపాటు కుడి చెయ్యి, కాలు, మాట కూడా పోయాయి. ఇప్పుడు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో తింటాడు. అన్నీ అర్థమవుతాయి, నోరు మాత్రం పెగలదు. ఆయన వంతు మాటలు కూడా అత్తే మాట్లాడుతుంది.

ఆవిడ కొడుకు, మా బావ, తల్లిది ఒట్టి మొండితనమే అనుకున్నాడు. “డాక్టరు కంటే నీకెక్కువ తెలుసా అమ్మా?”

“తెలీదురా. అందుకే ఇంకో డాక్టర్ని అడుగుతా.”

చెంప బంతిలా వాచినా వెనక్కి తగ్గలేదు. తోడుగా నేను వెళ్ళాను. రెండో చోట “మాకెందుకమ్మా రిస్కు” అన్నారు. “పన్ను నాది, ప్రాణం నాది, మధ్యలో మీదేం పోయింది?” అని బయట కూర్చున్నవాళ్ళకు కూడా వినిపించేలా అడిగి వచ్చేసింది. మూడో చోట డాక్టరమ్మ మా ఎదుటే గుండె డాక్టరుకు ఫోన్ చేసింది. రక్తపరీక్ష చేయించింది. రిపోర్టు చూసి, “మాత్ర ఆపొద్దు. గాయం దగ్గరే రక్తాన్ని ఆపే మందుంది, దాంతో తీద్దాం” అంది. అత్త నా వైపు చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు.

పన్ను తీసి, కుట్లు వేసి, ఆ మందులో తడిపిన గాజుగుడ్డను గాయం మీద పెట్టి గట్టిగా కరచిపట్టుకోమంది. ఇంటికి ఒక సీసా ఇచ్చింది. “నోట్లో పోసుకుని కాసేపు ఉంచండి. పుక్కిలించొద్దు, మింగొద్దు. తల వంచి మెల్లగా వదిలేయండి, గట్టిగా ఊస్తే కట్టిన గడ్డ ఊడిపోతుంది. కాస్త ఎర్రగా కనిపిస్తే కంగారు పడకండి. ధారగా వస్తే గుడ్డ నొక్కిపెట్టి వెంటనే నాకు ఫోన్ చెయ్యండి. ఇంకో మాట, ఇవాళ మాట్లాడొద్దు.”

ఆ చివరిదే గండం. ఇంటికి వస్తుంటే ఆటో అతను చుట్టుదారి పట్టాడు. అత్త పళ్ళ బిగువున ఓర్చుకుంది.

సాయంత్రం ఆవిడ మందు వదిలాక సింకులో ఎర్రటి చార కనిపించింది. బావ ముఖం పాలిపోయింది. మాత్రల షీటు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. “ఇవాళ వద్దమ్మా. కళ్ళారా చూస్తున్నా కదా!”

అత్త చెయ్యి చాపింది. బావ ఇవ్వలేదు. నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. చారే అయితే భయం లేదు, కొత్త గుడ్డ కరచిపట్టుకోమనండి, మాత్ర మాత్రం మానొద్దు అంది. చెప్పినా బావ వినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాని బావ కొళాయి తిప్పి ఆ చారను మళ్ళీ మళ్ళీ కడుగుతుంటే తిట్టలేకపోయాను.

అత్త గుడ్డ కరచిపట్టుకుని, చాపిన చెయ్యి దించకుండా నిలబడింది.

అప్పుడు కుర్చీలోంచి మామయ్య ఎడమ చేత్తో బావ చొక్కా పట్టి లాగాడు. నీళ్ళు కావాలేమోనని బావ వంగాడు. మామయ్య ఆ జేబులోంచి షీటు లాగి అత్త చేతిలో పెట్టాడు. బావ ఆ కుర్చీ పక్కనే నేల మీద కూర్చున్నాడు.

కాసేపాగి అత్త గుడ్డ తీసింది. రక్తం ఆగింది. చల్లటి నీళ్ళతో మాత్ర మింగింది. డాక్టరమ్మ మాట ఆ ఒక్కసారికీ జవదాటి, ఎన్నడూ లేనంత నెమ్మదిగా కొడుకుతో అంది:

“మీ నాన్న ఎవర్నీ అడగలేదురా. నేనడిగాను.”